నిద్ర లేవని డ్రైవు: తప్పు హార్డ్‌వేర్‌దా, కెర్నెల్‌దా?

బ్రాడీపేట: గుంటూరు మిర్చి యార్డు దగ్గర మా మామయ్య గారికి కమీషన్ దుకాణం ఉంది. లెక్కలన్నీ ఒకే లినక్స్ కంప్యూటర్లో, దాని మదర్‌బోర్డు మీదే నేరుగా బిగించే ఎం.2 ఎన్‌వీఎంఈ డ్రైవులో ఉన్నాయి. భోజనం చేసి వచ్చి బ్యాకప్ మొదలుపెడితే కెర్నెల్ పానిక్, అంటే లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెలే చేతులెత్తేసి యంత్రం ఆగిపోతుంది. ప్రతిసారీ ఇంతే. పావుగంట కదపకుండా వదిలేసి పెద్ద ఫైలు కాపీ చేస్తే చాలు. జరిగినవన్నీ కంప్యూటర్ రాసుకునే లాగ్‌లో ఒక్క వరుస కూడా మిగలదు. డ్రైవు మార్చాలా, కెర్నెల్ మార్చాలా?

గవర్నర్‌పేట మెకానిక్: డ్రైవు మార్చండి. విజయవాడలో ఇరవై ఏళ్లుగా ఇదే నా పని. మే నెల ఎండ, మూసిన గది, ఫ్యాను నిండా కారం దుమ్ము. డ్రైవు వేడెక్కి పడిపోతోంది.

పటమట: మాకు కేబుల్ మార్చగానే సరిపోయింది.

కొత్తపేట: ఎం.2 డ్రైవుకు కేబుల్ ఉండదండీ. వేడి సంగతికి వస్తే, గంటలకొద్దీ కాపీ చేసేటప్పుడు పడిపోవాలి గానీ విశ్రాంతి తర్వాత పడిపోవడం ఏమిటి? లాగ్ ఖాళీగా ఉండటంలో వింత లేదు. రాసుకోవలసిన డ్రైవే మాయమైతే లాగ్ ఎక్కడ మిగులుతుంది? నెట్‌కన్సోల్ పెట్టి కెర్నెల్ సందేశాలను పక్క కంప్యూటర్‌కు పంపండి.

బ్రాడీపేట: పంపాను. ఎన్‌వీఎంఈ కంట్రోలర్ పడిపోయిందని, రీసెట్ చేస్తున్నానని వచ్చింది. పక్కన కంట్రోలర్ స్థితిని చెప్పే సీఎస్‌టీఎస్ విలువ అన్నీ ఎఫ్‌లే. తర్వాత ఫైల్‌సిస్టమ్ ఎక్స్‌ట్4 లోపాలు, ఆపైన పానిక్.

గవర్నర్‌పేట మెకానిక్: చూశారా! డ్రైవు చచ్చిపోయిందని కెర్నెలే చెబుతోంది.

కొత్తపేట: అన్నీ ఎఫ్‌లు అంటే డ్రైవును కంప్యూటర్‌తో కలిపే పీసీఐ మార్గం మీద డ్రైవు బదులు పలకలేదని మాత్రమే అర్థం. నిద్రపోయినవాడూ పలకడు. ఖాళీగా ఉన్నప్పుడు డ్రైవు తనంతట తాను తక్కువ విద్యుత్తు స్థితికి జారే ఏపీఎస్‌టీ పద్ధతిని లినక్స్ 2017లో, 4.11 వెర్షన్ నుంచి వాడుతోంది. కొన్ని డ్రైవులు ఆ గాఢనిద్ర నుంచి సరిగా లేవలేవు. అలాంటి వాటి కోసం ఎన్‌వీఎంఈ డ్రైవర్ కోడ్‌లోనే మినహాయింపుల జాబితా ఉంది. కెర్నెల్ మొదలయ్యేటప్పుడు చదివే బూట్ వరుసలో ఎన్‌వీఎంఈ_కోర్.డిఫాల్ట్_పీఎస్_మ్యాక్స్_లేటెన్సీ_యూఎస్=0 అని పెట్టి, ఆ నిద్రను ఆపి చూడండి. డ్రైవులోని ఫైళ్లను ఎలా తెరవాలో చెప్పే మౌంట్ వరుసలో ఎర్రర్స్=పానిక్ ఉందేమో కూడా చూడండి. ఉంటే, లోపం రాగానే పానిక్ అవమని మనమే కెర్నెల్‌కు చెప్పినట్టు.

బ్రాడీపేట: ఉంది. ఎవరు పెట్టారో తెలియదు.

గవర్నర్‌పేట మెకానిక్: గదిలో వేడి ఎంత ఉందో ఇప్పటికీ ఎవరూ అడగలేదు.

కొత్తపేట: వేడి, వేడి, వేడి! ఒక్క వరుసతో పోయే జబ్బుకు మీలాంటివారు డ్రైవులు అమ్ముకుంటారు. మా నాన్నగారికి ఒకే ఏడాదిలో మూడు అమ్మారు. మూడూ ఒకే తీరున పడిపోయాయి.

గవర్నర్‌పేట మెకానిక్: మాట జారవద్దు. నేనూ ఒకప్పుడు ఇలాంటి వరుసే పెట్టి ఇచ్చాను. రెండు నెలలు బాగానే నడిచింది. తర్వాత డ్రైవు నిజంగానే పోయింది, ఒక సీజను లెక్కలు దానితోపాటే పోయాయి. ఆ యజమాని ముందు తల దించుకుని నిలబడింది నేను, ఆ సలహా ఇచ్చినవాడు కాదు. మీకు కారణం కావాలి. నాకు ఆ లెక్కలు కావాలి. ఏ రైతుకు ఎంత బాకీ ఉందో అందులోనే ఉంది. కారణం కోసం మీరు పానిక్ చేయించిన ప్రతిసారీ ఆ పుస్తకం మీదే దెబ్బ.

కొత్తపేట: ఆ మాట మొదటే చెప్పవలసింది. పరీక్షకు ముందు కాపీ తీయమని నేను చెప్పలేదు. అది నా తప్పే. కానీ కారణం తెలియకుండా కొత్త డ్రైవు పెడితే అదీ నిద్ర లేవదేమో. అప్పుడూ లెక్కలకు ప్రమాదమే.

బ్రాడీపేట: ముందు లెక్కలన్నీ బయటి డ్రైవులోకి తీశాను. ఆ తర్వాతే ఆ వరుస పెట్టాను, ఎర్రర్స్=పానిక్ తీసేశాను. పావుగంట వదిలి ఐదుసార్లు కాపీ చేశాను, ఒక్కసారీ పడిపోలేదు. డ్రైవు తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ నివేదికలో మీడియా లోపాలు సున్నా. సరిగా ఆపకుండా ఆగిపోయినవి మాత్రం 41.

కొత్తపేట: ఆ వరుస తీసేసి మళ్లీ పడిపోతుందో లేదో చూస్తేనే రుజువు.

గవర్నర్‌పేట మెకానిక్: ఆ యంత్రం మీద వద్దు. బ్రాడీపేట గారూ, తీసిన కాపీని వేరే కంప్యూటర్లో తెరిచి చూశారా?

బ్రాడీపేట: లేదండీ. రేపు ఉదయం దుకాణం తెరవకముందే చూస్తాను.