కొలైడర్‌లో "కొత్త పార్టికల్ ఇక్కడిదాకా లేదు" అని ఎట్టా తేలుస్తారు?

కావలి కుర్రోడు:
అన్నలూ అక్కలూ, చానా రోజుల్నించి ఒక డౌట్ ఉండాది. కావలిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదవతా ఉండా, మాకు పార్టికల్ ఫిజిక్స్ ఒకటే పేపరు, హిగ్స్ బోసాన్ అనే పార్టికల్ దాకా చెప్పి ఆపేస్తారు. దాన్ని ప్రోటాన్లని గుద్దించే కొలైడర్ ఉన్న సెర్న్ ల్యాబ్ వాళ్ళు 2012 జులై 4న ప్రకటించారు, బరువు 125 జీఈవీ (ప్రోటాన్ బరువు దాదాపు 1 జీఈవీ, వెయ్యి జీఈవీ అంటే ఒక టీఈవీ), అంతవరకు బానే ఉంది. ఆ తర్వాత ఏది చదివినా, థియరీలు ఊహించి ఇంకా దొరకని పార్టికల్స్ గురించే, గ్లూయినో 2 టీఈవీ దాకా లేదు, జెడ్ ప్రైమ్ 5 టీఈవీ దాకా లేదు, అన్నీ ఇట్టాంటివే. అసలు కనపడని దాన్ని ఫలానా బరువు దాకా లేదని గీత గీసి ఎట్టా చెప్తారు? ఇంకోటి, ఇప్పటిదాకా తెలిసిన పార్టికల్స్‌కి లెక్క చెప్పే స్టాండర్డ్ మోడల్ లెక్కలన్నీ సరిపోతా ఉంటే దానికి అవతల ఏదో ఉందని ఎందుకంత గట్టిగా నమ్ముతుండారు? పీహెచ్‌డీ ఈ లైన్లోనే చెయ్యాలని నాకు బాగా ఇష్టం. మా మామయ్యేమో "పదేళ్ళ పైన ఏమీ దొరకని దాని ఎనకాల పడి ఏం చేస్తావురా, బీఈడీ చెయ్యి" అంటుండాడు. ఆయనకి చెప్పేముందు నాకు అర్థం కావాల కదా.

ఒంగోలు లెక్చరర్:
అబ్బాయ్, నీ రెండో ప్రశ్నకి నేను చెప్తాను, మొదటిది డేటా మీద పని చేసేవాళ్ళు చెప్తే బాగుంటుంది. న్యూట్రినోలకి (దేన్నీ పెద్దగా తగలకుండా దూసుకుపోయే పార్టికల్స్) బరువుందని 1998లో జపాన్ సూపర్ కమియోకండే డిటెక్టర్‌లో తేలింది, దానికి 2015లో నోబెల్ కూడా ఇచ్చారు, స్టాండర్డ్ మోడల్ మొదట రాసినప్పుడు మాత్రం వాటికి బరువు లేదు. అంటే మోడల్‌కి అవతల ఏదో ఉందనేది నమ్మకం మీద చెప్పే మాట కాదు, ల్యాబ్‌లో తేలిన విషయం. డార్క్ మ్యాటర్ (వెలుగు ఇవ్వకుండా గురుత్వాకర్షణతో మాత్రమే తెలిసే పదార్థం) మామూలు పదార్థం కంటే ఐదు రెట్లు ఉంది, దానికి సరిపోయే పార్టికల్ మన పట్టికలో ఒక్కటీ లేదు. మ్యాటర్‌కి ఎదురు ఛార్జ్‌తో ఉండే యాంటీమ్యాటర్ అంతా ఏమైపోయి మ్యాటర్ ఒక్కటే ఎట్టా మిగిలిందో మోడల్ చెప్పలేదు. కాబట్టి అవతల ఉంది. కొలైడర్‌కి అందేంత దగ్గర్లో ఉందా లేదా అనేదే ప్రశ్న. మామయ్యకి ఈ తేడా చెప్పు.

సూళ్లూరుపేట టు చెన్నై:
మొదటిదానికి నేను చెప్తా, నేను చేసే పని ఇదే. గ్లూయినో 1.5 టీఈవీ బరువుతో ఉందనుకో. ప్రోటాన్లు గుద్దుకుంటే అది ఎన్నిసార్లు పుట్టాలో థియరీ లెక్కేసి ఇస్తుంది, పుట్టినాక ఎట్టా విరిగిపోతుందో కూడా చెప్తుంది, జెట్లు (ఒకే దిక్కున గుంపుగా దూసుకొచ్చే పార్టికల్స్) వస్తాయి, వాటితోపాటు కంటికి దొరక్కుండా ఒక పార్టికల్ వెళ్ళిపోతుంది కాబట్టి మొమెంటం ఒకవైపు తక్కువ పడుతుంది. అందులో డిటెక్టర్ ఎన్నిటిని పట్టుకుంటుందో సిమ్యులేషన్‌లో చూస్తాం. ఉదాహరణకి పాత ఫిజిక్స్ నుంచి 10 ఈవెంట్లు (అంటే ఇట్టాంటి గుర్తులున్న గుద్దుళ్ళు) రావాలి, గ్లూయినో ఉంటే ఇంకో 20 కలవాలి, డేటా తెరిస్తే 11 ఉన్నాయి, అప్పుడు ఆ బరువు గ్లూయినో లేదని 95 శాతం కాన్ఫిడెన్స్‌తో చెప్పేస్తాం. బరువు పెంచేకొద్దీ పుట్టేవి తగ్గిపోతాయి, ఒకచోట రెండో మూడో కూడా ఎక్స్‌ట్రా రావు, ఉన్నా లేకపోయినా తేడా తెలీదు, గీత అక్కడ పడుతుంది. మన వైపు రొయ్యల గుంటలో చెక్ ట్రే లేపి చూసినట్టే ఇది, ట్రేలో జబ్బు రొయ్య కనపడలేదంటే గుంట మొత్తంలో లేదని కాదు, సగం రొయ్యలకి జబ్బుంటే ఇన్నిసార్లు లేపినందుకు కనపడి తీరాలి, కాబట్టి సగానికైతే లేదని ఖాయంగా చెప్పగలం.

అసలు కష్టమంతా ఆ 10 అనే నంబర్ దగ్గరే. జెడ్ బోసాన్ (మోడల్‌లో ఉన్న పాత పార్టికలే) న్యూట్రినోలుగా విరిగితే, అవీ డిటెక్టర్‌కి దొరకవు కాబట్టి అదీ అచ్చం కొత్త పార్టికల్ లాగే కనపడుతుంది, అందుకని జెడ్ మ్యూయాన్లుగా (ఎలక్ట్రాన్ లాంటివే, బరువెక్కువ, డిటెక్టర్‌లో కనపడతాయి) విరిగిన ఈవెంట్లు తీసుకుని, ఆ మ్యూయాన్లు లేనట్టు లెక్కేసి, దాన్నుంచి న్యూట్రినోల వాటా అంచనా కడతాం. నెలలు నెలలు దీనికే పోతాయి, నాకైతే మొత్తం పనిలో అందమైన భాగం ఇదే. ఇంకో మాట, 2 టీఈవీ అనేది కొన్ని ఊహల మీద గీసిన గీత. గ్లూయినో బరువు, దాన్నుంచి వచ్చే కనపడని పార్టికల్ బరువు బాగా దగ్గరగా ఉంటే జెట్లు నీరసంగా వస్తాయి, అప్పుడు ఆ గీత బాగా కిందకి దిగిపోతుంది. ఈ షరతులు చాలామంది చదవకుండా "సూపర్‌సిమెట్రీ చచ్చిపోయింది" అని రాసేస్తారు (గ్లూయినో ఉండాలని చెప్పే థియరీ అది), ఆ మాట తప్పు.

కావలి కుర్రోడు:
అన్నా ఇప్పుడు తెలిసింది, చానా థ్యాంక్స్. మరి సెకనుకి 4 కోట్ల సార్లు ప్రోటాన్ గుంపులు ఎదురుపడతాయంట, అందులో దాదాపు అంతా పారేస్తారంట కదా, పారేసిన దాంట్లోనే కొత్తది ఉంటే?

సూళ్లూరుపేట టు చెన్నై:
మంచి ప్రశ్న, మాకూ ఉన్న భయమే అది. మొదటి ట్రిగ్గర్ (ఏ ఈవెంట్ ఉంచాలో ఏది పారేయాలో తేల్చేది) హార్డ్‌వేర్‌లోనే ఉంటుంది, కొన్ని మైక్రోసెకన్లలో తేల్చేసి సెకనుకి సుమారు లక్ష ఉంచుతుంది, తర్వాత సాఫ్ట్‌వేర్ వడకట్టి వేలల్లోకి తెస్తుంది. ఏం వెతకాలో ముందే రాసిపెట్టుకుంటే రాయనిది పోతుంది, అందుకే సీఎంఎస్ అనే పెద్ద డిటెక్టర్‌లో ఇప్పుడు మామూలుగా లేని ఈవెంట్‌ని పట్టుకునే న్యూరల్ నెట్‌వర్క్‌ని మొదటి ట్రిగ్గర్‌లోనే పెట్టారు. పుట్టినచోట విరగకుండా దూరం పోయి విరిగే పార్టికల్స్ కోసం ఫేజర్ అనే చిన్న డిటెక్టర్‌ని అట్లాస్ అనే ఇంకో పెద్ద డిటెక్టర్‌కి 480 మీటర్ల అవతల పెట్టారు.

గ్రాఫ్‌లో గుట్ట కనపడగానే ఎగరొద్దు కూడా. 2015 డిసెంబర్‌లో 750 జీఈవీ దగ్గర రెండు ఫోటాన్ల గుట్ట అట్లాస్, సీఎంఎస్ రెండిట్లో కనపడింది, వందల పేపర్లు వచ్చాయి, 2016 ఆగస్టుకి డేటా పెరిగేసరికి మాయమైంది. ఎల్‌హెచ్‌సీబీ అనే ఇంకో డిటెక్టర్‌లో ఎలక్ట్రాన్లు, మ్యూయాన్లు ఒకే లెక్కన రావాల్సింది, వాటి తేడా 2021లో 3.1 సిగ్మా (యాదృచ్ఛికంగా రావడం ఎంత కష్టమో చెప్పే కొలత) అన్నారు, ఎలక్ట్రాన్లు కాని వాటిని కొన్ని ఎలక్ట్రాన్లుగా లెక్కేశారని తేలి 2022 డిసెంబర్‌లో అదీ పోయింది. ఐదు సిగ్మా, అంటే ఉత్త యాదృచ్ఛికంగా రావడానికి 35 లక్షల్లో ఒక్క ఛాన్స్, అంత పట్టుబట్టేది ఇందుకే.

నెల్లూరు అక్క:
తమ్ముడూ, దారి సంగతి నేను చెప్తా. టీఐఎఫ్‌ఆర్, ఐఐటీ మద్రాస్ వాళ్ళు సీఎంఎస్‌లో ఉన్నారు, ఐఐటీ హైదరాబాద్ వాళ్ళు జపాన్‌లోని బెల్ 2 కొలైడర్ ప్రయోగంలో ఉన్నారు, మన దేశం 2017 నుంచి సెర్న్‌లో అసోసియేట్ మెంబర్. పీహెచ్‌డీకి ఉపయోగపడే నెట్, గేట్, జెస్ట్ పరీక్షలు మూడూ రాయి, ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. పైథాన్ ఇప్పుడే మొదలుపెట్టు. సెర్న్ ఓపెన్ డేటా పోర్టల్‌లో సీఎంఎస్ డేటా ఫ్రీగా ఉంది, లక్ష మ్యూయాన్ జంటల చిన్న ఫైల్ కూడా ఉంటుంది, మామూలు ల్యాప్‌టాప్ చాలు. ప్రతి జంటకీ ఇన్వేరియంట్ మాస్ (ఆ జంట ఒకే పార్టికల్ నుంచి వస్తే దాని బరువెంతో చెప్పే లెక్క) కట్టి హిస్టోగ్రామ్ గీస్తే, పాత పార్టికల్స్ గుట్టల్లాగా 3.1 జీఈవీ దగ్గర జే సై, 9.5 దగ్గర అప్సిలాన్, 91 దగ్గర జెడ్ వచ్చేస్తాయి. ఆ తర్వాత 20కి 80కి మధ్య ఒక కొత్త పార్టికల్ ఉందనుకుని, ఎన్ని ఈవెంట్లకి మించి లేదో అన్న చెప్పిన గీత నువ్వే గీసి ప్లాట్ ఇక్కడ పెట్టు, బ్యాక్‌గ్రౌండ్ ఎట్టా కట్టావో కూడా రాయి, చూసి చెప్తాను.