31 రాత్రి ఆరాధన, పొద్దున్నే పిక్నిక్: మీరెలా సర్దుకుంటారు?

అందరికీ వందనాలు. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఏటా డిసెంబర్ 31 రాత్రి చర్చిలో కూడిక. 90వ కీర్తన చదువుకుంటాం, 12 కొట్టగానే ప్రార్థన, ఆ తర్వాత ఒక్కొక్కరికీ వాగ్దాన కార్డు (కొత్త ఏడాదికని బైబిల్ వాక్యం రాసిన కార్డు), కేకు. ఈసారి మా ఒడియా కోడలు తొలిసారి వస్తోంది. తెలుగు వింటే అర్థమవుతుంది, చదవలేదు. కార్డులేమో తెలుగులోనే ఉంటాయి. ఆమెకు ఒడియాలో చేత్తో రాసిస్తే సంతోషిస్తుందా, వేరుగా చూశామనుకుంటుందా? నాకు అదే టెన్షన్.

ఇంకొకటి. పిల్లలకు పొద్దున్నే గండాహతి జలపాతం దగ్గర పిక్నిక్ కావాలి. మా ఆయనేమో ఒకటో తేదీ ఆరాధన మానకూడదంటారు. లూకా 2:21లో యేసుకు పేరు పెట్టింది ఎనిమిదో రోజున, క్రిస్మస్ నుంచి లెక్కేస్తే అదే జనవరి 1. మాట నిజమే, కానీ రాత్రంతా మేలుకున్న పిల్లలు! రెండూ చేసేవాళ్లు ఎన్నింటికి బయల్దేరతారు?