పాత జీపుతో ట్రైలర్ లాగాలంటే ఇంజిన్ మార్చాలా, క్రౌన్-పినియన్ మార్చాలా?

అనంతగిరి_జీపు:
మా నాన్న కొన్న మహీంద్రా ఎంఎం 540 జీపు. ప్యూజో డీజిల్ ఇంజిన్, 2112 సీసీ, 62 హార్స్‌పవర్. ఖాళీగా బంగారంలా నడుస్తుంది. వెనక ట్రైలర్ తగిలించి శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఎక్కితేనే తంటా. జనరేటర్, పైపులు, తొట్టి అన్నీ కలిపి 900 కిలోలు. థర్డ్‌లో ఎక్కదు, సెకండ్‌లో అరుస్తుంది. సగం ఘాట్‌కే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దగ్గరికి వెళ్తుంది. మలుపులో ఆగి మళ్లీ కదిలితే క్లచ్ కాలిన వాసన. మా మిస్త్రీ "2523 సీసీ డీఐ ఇంజిన్ దించేద్దాం, పీడా పోతుంది" అంటున్నాడు (డీఐ అంటే డీజిల్‌ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే రకం). చిన్నాన్నేమో ఇంజిన్ ముట్టుకోకు, క్రౌన్-పినియన్ (ఇరుసు మధ్యలో ఉండి చక్రాలని తిప్పే పళ్ల చక్రాల జత) మార్చు అంటాడు. టైర్లు 31 అంగుళాలవి, మూడేళ్ల కిందట మోజుపడి వేయించాను. ఎవరి మాట వినాలి?

ఆటోనగర్_బుజ్జి:
మిస్త్రీ మాటే వినండి. ప్యూజో తిప్పితే గానీ పలకదు, డీఐ అయితే తక్కువ ఆర్‌పీఎంలోనే (నిమిషానికి తిరిగే చుట్లు) ట్రాక్టర్‌లా లాగుతుంది. విజయవాడలో ఇలాంటివి ఎన్ని దించామో లెక్కలేదు. లేని బలం పళ్లు మారిస్తే వస్తుందా?

లెక్కల_మాష్టారు:
రాదు. కానీ ఈయనకి బలం తక్కువైందని ఎవరన్నారు? జీపు, మనుషులు కలిపి 1500 కిలోలు, ట్రైలర్ 900. నూటికి 8 వాలు ఉన్న ఎక్కుడులో గంటకి 30 కి.మీ. వేగంతో పోవాలంటే చక్రాల దగ్గర 25 హార్స్‌పవర్ చాలు. ఇంజిన్‌లో 62 ఉంది. పాతదై, మధ్యలో గేర్లు కొంత తినేసినా సరిపోవాలి. సమస్యల్లా ఆ బలాన్ని వాడుకునే గేరు లేకపోవడమే. థర్డ్‌లో ఇంజిన్ తిరగాల్సినంత తిరగట్లేదు, సెకండ్‌లో మరీ ఎక్కువ తిరుగుతోంది.

అనంతగిరి గారూ, క్రౌన్-పినియన్ ఉండే డిఫరెన్షియల్ విప్పినప్పుడు పళ్లు లెక్కపెట్టారా?

అనంతగిరి_జీపు:
పెట్టాను మాష్టారూ. క్రౌన్ 39, పినియన్ 8.

లెక్కల_మాష్టారు:
అంటే 39ని 8తో భాగిస్తే రేషియో 4.88. పినియన్ అన్ని చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది, ఈ అంకె పెరిగేకొద్దీ లాగుడు పెరుగుతుంది, వేగం తగ్గుతుంది. దాని మీద 31 అంగుళాల టైరు. ముందున్న 6.00-16 టైరు 29 అంగుళాలకి అటూ ఇటూ ఉంటుంది. పెద్ద టైరు వేయగానే మీ 4.88 కాస్తా 4.56 లెక్కన పనిచేస్తోంది. మోజుకి కట్టిన వడ్డీ అది! 43కి 8 పళ్ల జత, అంటే 5.38 వేస్తే ఇదే టైరుతో 5.03 అవుతుంది.

ఈ గొడవ మనకంటే ముందు అమెరికాలో జీపులు చేసిన విల్లీస్ కంపెనీ వాళ్లకే వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో వాడిన జీపుకి 4.88 ఇచ్చారు. 1945లో రైతుల కోసం సీజే-2ఏ అనే జీపు తెచ్చినప్పుడు ఆ చిన్న నాలుగు సిలిండర్ల ఇంజిన్‌నే ఉంచి, రేషియోని 5.38కి, ట్రాన్స్‌ఫర్ కేసులో (బలాన్ని ముందు, వెనక ఇరుసులకి పంచే పెట్టె) నెమ్మదిగా, గట్టిగా లాగడానికి వాడే లో రేంజ్‌ని 1.97 నుంచి 2.4 పైకి మార్చారు. నాగలి లాగాలి, తొట్టి లాగాలి కాబట్టి ముందు పళ్లు మార్చారన్నమాట.

ఆటోనగర్_బుజ్జి:
విల్లీస్ కథ బాగుంది మాష్టారూ. ఆ జీపు హైవే మీద ఎంత వేగంతో పోయేదో కూడా చెప్పండి. ఈయన విశాఖ దాకా కూడా వెళ్తాడు కదా. 5.38 వేస్తే 80 దగ్గర ఇంజిన్ ఎంత తిరుగుతుంది?

లెక్కల_మాష్టారు:
31 అంగుళాల టైరుతో టాప్ గేర్‌లో 2900 ఆర్‌పీఎం. ఇప్పుడు 2630. చెవికి తేడా తెలుస్తుంది, ఒప్పుకుంటాను. పాత టైర్లకి మారి 5.38 కూడా వేస్తే 3100కి చేరుతుంది, అది మాత్రం నరకమే. రెండూ ఒకేసారి చేయొద్దు. ఇంకోటి, ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ ఒకే రేషియో ఉండాలి. వెనకది ఒక్కటే మార్చి 4x4 వేశారంటే ట్రాన్స్‌ఫర్ కేసు విరిగేదాకా ఆగదు.

గాలికొండ_డ్రైవర్:
ఖర్చు లేని మాట చెప్తా. ఫ్రీ వీల్ హబ్బులు (ముందు చక్రాలని ఇరుసు నుంచి విడదీసేవి) ఉంటే వాటిని ఫ్రీలో పెట్టి, లో రేంజ్‌లో వేసి ఎక్కండి. ముందు చక్రాలకి డ్రైవ్ వెళ్లదు కాబట్టి తారు మీద బిగుసుకోదు. నేనలాగే ఎక్కుతా.

ఆటోనగర్_బుజ్జి:
ఎక్కుతావు తమ్ముడూ, కానీ ఆ లోడంతా వెనక ఇరుసుకి బలం తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఒక్కటే మోయాలి. ఫస్ట్‌లో, లో రేంజ్‌లో క్లచ్ గట్టిగా వదిలితే క్రాస్ బేరింగో యాక్సిల్ షాఫ్టో ఏదో ఒకటి పోతుంది. కదలడానికి వాడుకో, రేసింగ్‌కి కాదు.

డల్లాస్_పెద్దబ్బాయి:
ఇక్కడ పికప్‌లు అమ్మేటప్పుడు కంపెనీలే ఒకే ఇంజిన్‌కి రెండు మూడు యాక్సిల్ రేషియోలు ఇస్తాయి. 3.55 కన్నా 3.73 ఉన్నదానికి ఎక్కువ బరువు లాగొచ్చని బ్రోచర్‌లోనే రాస్తారు. ఇంజిన్‌లో ఒక్క బోల్టు తేడా ఉండదు.

గాలికొండ_డ్రైవర్:
అందరూ ఎక్కడం గురించే మాట్లాడుతున్నారు. దిగడం సంగతేంటి అన్నలూ? నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే, ట్రైలర్‌కి అసలు బ్రేకే లేదు. వెనక నుంచి 900 కిలోలు తోస్తుంటే మూడో మలుపుకి పెడల్ మెత్తబడుతుంది. నాకు ఒకసారి అయింది. లోడు జారి ట్రైలర్ వెనక్కి వాలింది, దాంతో జీపు వెనక భాగం తేలిపోయింది. ఆ రోజు నుంచి లోడులో పదో వంతు హుక్ మీద పడేలా సర్దుతాను.

లెక్కల_మాష్టారు:
ఇది నేను మొదటే చెప్పాల్సిన మాట. 5.38తో దిగేటప్పుడు ఇంజిన్ బ్రేకింగ్ కూడా దాదాపు పది శాతం పెరుగుతుంది. డీఐ ఇంజిన్ పెట్టినా పళ్లు అవే ఉంటే ఆ లాభం రాదు. వేడి సంగతీ అంతే. ఫ్యాను, వాటర్ పంపు తిరిగేది ఇంజిన్‌తోనే కాబట్టి, తక్కువ ఆర్‌పీఎంలో ఈడ్చితే రేడియేటర్‌కి గాలి ఆడదు.

పైగా ఇంజిన్ నంబరు ఆర్సీలో ఉంటుంది. ఆర్టీఓ అనుమతి లేకుండా మారిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. పెద్ద టైర్ల మీదా ఆఫీసులో కన్ను పడొచ్చు, అది వేరే సంగతి. ట్రైలర్‌కి విడిగా రిజిస్ట్రేషన్ ఉందా?

అనంతగిరి_జీపు:
ఉంది మాష్టారూ, నాన్న చేయించారు. ముందు పాత సైజు టైర్లు వేసి, రేడియేటర్ కడిగించి, ట్రైలర్‌కి బ్రేకు పెట్టించి ఒకసారి ఎక్కి చూస్తాను. డిఫరెన్షియల్ సంగతి ఆ తర్వాత.

ఆటోనగర్_బుజ్జి:
చూడండి. మళ్లీ ఉడికితే ఫోన్ చేయండి, డీఐ ఇంజిన్ ఒకటి షెడ్డులోనే ఉంది. పళ్లే మార్పిస్తానంటే మాత్రం పినియన్ బేరింగులు కొత్తవి వేయించండి, క్రౌన్‌కి రంగు పూసి పళ్లు ఎక్కడ తగులుతున్నాయో మీ కళ్లతో మీరే చూడండి. పాత బేరింగుల మీద కొత్త పళ్లు బిగించిన బండ్లు కొన్నాళ్లకే మూలుగుతూ మా దగ్గరికొస్తాయి.