భూమి వేడెక్కడానికి మనిషే కారణమని దేన్ని చూసి నిర్ధారించారు?

ప్రశ్న

మా మామయ్యగారు మూడు దశాబ్దాలకు పైగా భౌతికశాస్త్రం బోధించారు. ఆధారం లేకుండా ఏ మాటా అనని మనిషి. భూమి వేడెక్కుతోందన్న సంగతిని ఆయన కాదనరు. ఆ వేడికి మనం కాల్చే బొగ్గు, చమురు, సహజవాయువులే కారణమని ఎలా నిర్ధారించారన్నదే ఆయన సందేహం. దానికి సరైన జవాబు చెప్పలేక కొన్ని రోజులుగా నేను ఇబ్బంది పడుతున్నాను.

ఆయన అభ్యంతరాలు మూడు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ నూటికి 0.04 వంతు మాత్రమే ఉన్నప్పుడు అంత కొద్దిపాటి వాయువు భూగోళపు ఉష్ణోగ్రతను ఎలా మార్చగలదన్నది మొదటిది. అంటార్కిటికా మంచు పొరల్లో ముందు ఉష్ణోగ్రత పెరిగి, ఆ తరువాతే కార్బన్ డయాక్సైడ్ పెరిగినట్లు కనిపిస్తుంది కాబట్టి మనం ఫలితాన్నే కారణంగా పొరబడుతున్నామేమో అన్నది రెండవది. సూర్యుడు, అగ్నిపర్వతాలు, సముద్రాలు ఉండగా నేరుగా మనిషిని వేలెత్తి చూపడం తొందరపాటు కాదా అన్నది మూడవది.

శాస్త్రవేత్తల్లో అత్యధికులు ఒప్పుకున్నారన్న జవాబు ఆయనను తృప్తిపరచదు, నన్నూ తృప్తిపరచదు. ఎంతమంది ఒప్పుకున్నారని కాక, ఏమి చూసి ఒప్పుకున్నారో తెలుసుకోవాలని ఉంది. తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా మనవి.

మొదటి సమాధానం

మీ మామయ్యగారి ప్రశ్నలు సరైనవే. శాస్త్రవేత్తలు కూడా ఒకప్పుడు ఇవే ప్రశ్నలు ఒకరినొకరు అడిగారు. మూడవదానితో మొదలుపెడతాను, ఎందుకంటే వాదన నిలిచేదైనా కూలేదైనా అక్కడే.

ముందు జమాఖర్చు చూద్దాం. శిలాజ ఇంధనాల వల్ల ఏటా గాలిలోకి చేరే కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు సుమారు 3,700 కోట్ల టన్నులు. అడవుల నరికివేతతో చేరేది దీనికి అదనం. ఇంత వేస్తున్నా గాలిలో మిగిలేది దాదాపు సగమే. ఒక ఖాతాలో మనం నెలనెలా వంద వేస్తుంటే నిల్వ యాభై మాత్రమే పెరుగుతోందనుకోండి, ఇంకెవరో కూడా వేయడం వల్ల ఆ నిల్వ పెరిగిందని అనలేం, ఎవరో తీసుకుంటున్నారనే అనాలి. మిగతా సగాన్ని సముద్రాలు, చెట్లు, నేల పీల్చుకుంటున్నాయి. సముద్రపు నీటి పీహెచ్ విలువ (ఇది తగ్గితే ఆమ్లగుణం పెరిగినట్లు) పారిశ్రామిక యుగానికి ముందు సుమారు 8.2 ఉండగా ఇప్పుడు 8.1కి దిగడం ఇందుకు సాక్ష్యం. సముద్రమే ఈ వాయువును బయటికి వదులుతూ ఉంటే ఆ నీటి ఆమ్లగుణం తగ్గాలే తప్ప పెరగకూడదు. ఇక అగ్నిపర్వతాలన్నీ కలిసి ఏటా విడుదల చేసేది మన వాటాలో నూటికి రెండు వంతులకు మించదు.

లెక్కల మీద నమ్మకం కుదరకపోతే ఆ కార్బన్‌నే పరీక్షించవచ్చు. మొక్కలు కిరణజన్య సంయోగక్రియలో బరువైన కార్బన్-13 కంటే తేలికైన కార్బన్-12ను ఎక్కువగా తీసుకుంటాయి. బొగ్గు, చమురు ప్రాచీన జీవరాశి అవశేషాలే కాబట్టి వాటిలోనూ కార్బన్-13 తక్కువ. వాతావరణంలో కార్బన్-13 నిష్పత్తి క్రమంగా తగ్గుతూ వస్తోంది, అంటే కొత్తగా చేరుతున్న కార్బన్ ఒకప్పుడు మొక్కల నుంచి వచ్చినదే. అది ఇటీవల తగలబడిన అడవులది కావచ్చు కదా అని అడగవచ్చు. ఆ ప్రశ్నకు కార్బన్-14 జవాబిస్తుంది. అది కాలక్రమేణా క్షయించే రేడియోధార్మిక కార్బన్. దాని అర్ధాయుష్షు, అంటే సగం క్షయించడానికి పట్టే కాలం, సుమారు 5,730 ఏళ్లు కావడంతో, కోట్ల ఏళ్లు భూగర్భంలో ఉన్న బొగ్గులో అది ఏమీ మిగలదు. నిన్నమొన్నటి చెట్టులో మాత్రం పుష్కలంగా ఉంటుంది. చెట్ల వలయాలను పరిశీలించిన శాస్త్రవేత్త హాన్స్ స్యూస్, వాతావరణపు కార్బన్-14 పలచబడుతోందని 1955లో ప్రకటించారు. ఆ తరువాతి అణుపరీక్షలు గాలిలో కార్బన్-14ను విపరీతంగా పెంచి ఈ కొలతను కొంతకాలం కలగాపులగం చేశాయి కాబట్టి, అంతకు ముందరి వలయాల సాక్ష్యానికి ప్రత్యేకమైన విలువ ఉంది.

ఇక సూర్యుడి సంగతి. సూర్యుడి నుంచి వచ్చే శక్తిని 1978 నుంచి ఉపగ్రహాలు కొలుస్తున్నాయి. పదకొండేళ్ల ఆవృత్తిలో అది నూటికి 0.1 వంతు మేర హెచ్చుతగ్గులకు లోనవుతుంది తప్ప, వేడికి తోడుగా పైకి ఎగబాకలేదు. ఇంతకంటే నాకు బలమైనదిగా తోచే ఆధారం మరొకటి ఉంది. సూర్యుడే ఎక్కువ వేడిని పంపుతూ ఉంటే వాతావరణం కింది నుంచి పైదాకా వేడెక్కాలి. కార్బన్ డయాక్సైడ్ కారణమైతే కింది పొర వేడెక్కి, దాని పైనున్న స్ట్రాటో ఆవరణం చల్లబడాలి, ఎందుకంటే అంత ఎత్తున ఆ వాయువు పెరిగేకొద్దీ వేడిని అంతరిక్షంలోకి మరింత ధారాళంగా వదిలేస్తుంది. వాతావరణ శాస్త్రవేత్తలు స్యుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ 1967లోనే తమ గణనలో ఈ ఫలితాన్ని చూపించారు. అప్పటికి దాన్ని సరిచూడడానికి ఉపగ్రహ కొలతలు లేవు. ఆ తరువాతి దశాబ్దాల్లో స్ట్రాటో ఆవరణం నిజంగానే చల్లబడింది. కింది భాగంలో ఆ చల్లదనానికి ఓజోన్ తరుగుదల కూడా తోడయింది గానీ, పై భాగంలో ప్రధాన కారణం కార్బన్ డయాక్సైడే. కొలతలు రాకముందే చెప్పిన మాట నిజమైందంటే, అది జరిగిన తరువాత అల్లిన కథ కాదని మీ మామయ్యగారు తప్పక గుర్తిస్తారు.

మొదటి అభ్యంతరానికి క్లుప్తంగా చెబుతాను. గాలిలో నూటికి 99 వంతులకు పైగా ఉన్న నైట్రోజన్, ఆక్సిజన్, ఆర్గాన్ పరారుణ కిరణాలను, అంటే భూమి తన వేడిని పైకి వదిలే కిరణాలను, దాదాపుగా అడ్డుకోవు. కార్బన్ డయాక్సైడ్ అడ్డుకుంటుంది. అందువల్ల మొత్తం గాలిలో ఎన్నో వంతు అన్నదాన్ని పక్కనపెట్టి, కిరణం దారిలో ఎన్ని అణువులు ఎదురవుతాయో చూడాలి. మన తల మీద ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను మాత్రమే వేరుచేసి నేలమట్టపు పీడనం వద్ద పరిస్తే అది మూడు మీటర్లకు పైగా మందమున్న పొర అవుతుంది. అందులో మీటరుకు పైగా మనం చేర్చినదే.

రెండవ సమాధానం

పై సమాధానంలో మంచు పొరల విషయం మిగిలిపోయింది. వ్యక్తిగతంగా నన్ను చాలాకాలం వేధించిన ప్రశ్న అదే కాబట్టి దాన్ని నేను అందుకుంటాను.

మంచులో రెండు వేర్వేరు గడియారాలు ఉంటాయన్నది ముందుగా గ్రహించాలి. ఉష్ణోగ్రతను మంచులోని ఐసోటోపుల (ఒకే మూలకానికి బరువులో తేడా ఉన్న రూపాల) నుంచి లెక్కిస్తారు, కార్బన్ డయాక్సైడ్‌ను అందులో చిక్కుకున్న గాలి బుడగల నుంచి కొలుస్తారు. కురిసిన మంచు పదుల మీటర్ల లోతుకు చేరి గట్టిపడేదాకా దాని సందుల్లోని గాలి పై గాలితో కలుస్తూనే ఉంటుంది. అందువల్ల బుడగలోని గాలి వయసు చుట్టూ ఉన్న మంచు వయసు కంటే ఎప్పుడూ తక్కువే. అంటార్కిటికా లోపలి ప్రాంతాల్లో మంచు చాలా తక్కువగా కురుస్తుంది కాబట్టి అక్కడ ఈ తేడా వేల ఏళ్ల దాకా ఉంటుంది. ఆ తేడాను ఎంతగా అంచనా వేశారన్నదాన్ని బట్టి ఉష్ణోగ్రత ముందా, వాయువు ముందా అన్న జవాబు మారుతుంది. తొలి అంచనాల్లో వాయువు కొన్ని వందల ఏళ్లు వెనకబడినట్లు కనిపించింది. పద్ధతులు మెరుగుపడిన తరువాత ఆ వెనకబాటు బాగా తగ్గిపోయింది.

వెనకబాటు ఉందనే అనుకున్నా అందులో వైరుధ్యమేమీ లేదు. హిమయుగాల ముగింపుకు తొలి కదలిక భూకక్ష్యలో, అక్షపు వాలులో వచ్చే నెమ్మదైన మార్పుల నుంచి వచ్చింది. ఆ మార్పుల వల్ల సముద్రాలు కొంత వేడెక్కి, వాటి ప్రవాహాలు మారి, లోతుల్లో దాగిన కార్బన్ డయాక్సైడ్ బయటికి వచ్చింది. ఆ వాయువు తిరిగి వేడిని పెంచి భూగోళమంతటా వ్యాపింపజేసింది. కక్ష్య మార్పు ఒక్కదానితోనే హిమయుగానికీ నేటికీ మధ్య ఉన్న సుమారు ఐదారు డిగ్రీల తేడాను ఏ లెక్కా తేల్చలేదు. ప్రపంచవ్యాప్తంగా 80 చోట్ల లభించిన ప్రాచీన ఉష్ణోగ్రత ఆధారాలను ఒకచోట చేర్చి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, గత హిమయుగం ముగిసినప్పుడు అంటార్కిటికా ముందుగా వేడెక్కినా, భూమి సగటు ఉష్ణోగ్రత మాత్రం కార్బన్ డయాక్సైడ్ వెనకాలే పెరిగిందని తేలింది. ఒకే ఖండపు ఉష్ణోగ్రతను ప్రపంచపు ఉష్ణోగ్రతగా చదవడమే ఈ అభ్యంతరంలోని మూలదోషం.

మరొక్క మాట. ఆ మంచు పొరలు 8 లక్షల ఏళ్ల చరిత్రను చెబుతాయి. అంత కాలంలోనూ కార్బన్ డయాక్సైడ్ పదిలక్షలకు సుమారు 180 నుంచి 300 భాగాల మధ్యే ఊగిసలాడింది. శాస్త్రవేత్త చార్లెస్ కీలింగ్ 1958లో హవాయిలోని మౌనా లోవా పర్వతంపై కొలవడం ప్రారంభించినప్పుడు అది 315, ఇప్పుడు 420 దాటింది. గత హిమయుగం ముగిసేటప్పుడు సుమారు 80 భాగాలు పెరగడానికి వేల ఏళ్లు పట్టింది. అంతకంటే ఎక్కువ ఇప్పుడు ఒక్క మనిషి జీవితకాలంలో పెరిగింది. వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉందన్న మాట నిజమే గానీ, దాన్ని ధైర్యం చెప్పే మాటగా వాడడం చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది. చిన్న కదలికకే ఈ వ్యవస్థ ఎంత పెద్దగా స్పందిస్తుందో ఆ గతమే మనకు చూపించింది.

మూడవ సమాధానం

పై ఇద్దరూ రాసినదానితో ఏకీభవిస్తూనే, బహిరంగ చర్చలో మనవైపు నుంచి జరిగే ఒక పొరపాటును ప్రస్తావించాలనుకుంటున్నాను. నిర్ధారణ అయినదాన్నీ, ఇంకా తేలనిదాన్నీ ఒకే గొంతుతో చెప్పడం వల్లనే మీ మామయ్యగారి వంటి జాగ్రత్తపరులకు అనుమానం కలుగుతోంది.

వేడికి కారణం ఎవరన్నది తేలిపోయింది. ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన శాస్త్రీయ సంఘం) 2021 నివేదిక ప్రకారం 1850–1900 నాటితో పోలిస్తే 2010–2019 నాటికి మానవ చర్యల వల్ల పెరిగిన ఉష్ణోగ్రత సుమారు 1.07 డిగ్రీలు, అంటే గమనించిన పెరుగుదల దాదాపు మొత్తం. తేలనిది మరొకటి: కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే చివరికి ఎంత వేడెక్కుతుంది? వాతావరణ శాస్త్రవేత్త జూల్ చార్నీ నాయకత్వంలోని బృందం 1979లో దీన్ని 1.5 నుంచి 4.5 డిగ్రీలుగా అంచనా వేసింది. నాలుగు దశాబ్దాల శ్రమ తరువాత 2021లో అది 2.5 నుంచి 4 డిగ్రీల మధ్యకు చేరింది. ఇంత కాలం పట్టడానికి ముఖ్య కారణం మేఘాలు. వేడెక్కిన లోకంలో తక్కువ ఎత్తు మేఘాలు పలచబడితే ఎండ మరింతగా లోపలికి వస్తుంది, చిక్కబడితే తక్కువ వస్తుంది. పలచబడే వైపే ఆధారాలు మొగ్గుతున్నా, ఎంతమేరకన్నదానిపై వాదోపవాదాలు సాగుతున్నాయి. పొగలోని సూక్ష్మకణాలు ఇప్పటిదాకా ఎంత వేడిని కప్పిపుచ్చాయన్నదీ అంతే క్లిష్టమైన ప్రశ్న. ఈ అనిశ్చితిని మనకు అనుకూలమైనదిగా భావించకూడదు, ఎందుకంటే అది పైవైపుకూ ఉంటుంది.

అలాగే ప్రతి వరదనూ, ప్రతి తుపానునూ భూతాపం ఖాతాలో వేయడం సరికాదు. వడగాల్పుల విషయంలో ఆధారం చాలా బలంగా ఉంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచగలదు కాబట్టి కుండపోత వానల విషయంలోనూ బలంగానే ఉంది. తుపానుల సంఖ్య పెరిగిందా అన్న విషయంలో మాత్రం అంత బలం లేదు, అయితే వాటిలో తీవ్రమైనవాటి వాటా పెరిగిందనడానికి ఆధారాలున్నాయి. ఇంత వివరంగా చెప్పే ఓపిక మనకు ఉండాలి. కొలతలు చెప్పని మాటను మనం చెబితే, కొలతలు చెప్పిన మాటను కూడా వినేవారు నమ్మరు.

గణిత నమూనాలు నమ్మదగినవి కావని తరచూ వినిపించే మాట గురించి కూడా. 1970 నుంచి 2007 వరకు వెలువడిన 17 అంచనాలను తరువాతి కొలతలతో పోల్చి చూసినప్పుడు, నిజంగా వెలువడిన వాయువుల లెక్కను అమర్చిన తరువాత 14 అంచనాలు వాస్తవంతో సరిపోయాయి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. మీరు రాసినవన్నీ మామయ్యగారికి చదివి వినిపించాను. మంచులోని రెండు గడియారాల సంగతి తనకు ఇంతవరకు తెలియదనీ, రెండవ అభ్యంతరాన్ని విరమించుకుంటున్నాననీ ఆయన స్వయంగా అన్నారు. స్ట్రాటో ఆవరణం చల్లబడడం గురించి చాలాసేపు ఆలోచించి, సరైన వాదనేనన్నారు. అయితే ఆయన కొత్త ప్రశ్న ఒకటి వేశారు. ఇంత ఇంధనం మండితే దానికి తగినంత ఆక్సిజన్ కూడా ఖర్చు కావాలి కదా, ఆ తరుగుదలను ఎవరైనా కొలిచారా? కొలిస్తే లెక్క సరిపోయిందా?

మొదటి సమాధానం రాసినవారు

కొలిచారు. నా జవాబులో దాన్ని చేర్చకపోవడం నా లోపమే, మీ మామయ్యగారు దాన్ని సరిగ్గా పట్టుకున్నారు.

కష్టమంతా కొలతలో ఉంది. కార్బన్ డయాక్సైడ్ పదిలక్షలకు 420 భాగాలు కాబట్టి అందులో రెండు, మూడు భాగాల మార్పు తేలిగ్గానే కనిపిస్తుంది. ఆక్సిజన్ సుమారు 2,09,000 భాగాలు ఉన్నప్పుడు అందులో కొన్ని భాగాలు తగ్గడాన్ని గుర్తించాలంటే అత్యంత సూక్ష్మమైన పరికరం కావాలి. చార్లెస్ కీలింగ్ కుమారుడు రాల్ఫ్ కీలింగ్ అటువంటి పద్ధతిని రూపొందించారు, 1990 ప్రాంతం నుంచి ఆ కొలతలు కొనసాగుతున్నాయి. ఆక్సిజన్ ఏటా పదిలక్షలకు సుమారు నాలుగు భాగాలు తగ్గుతోంది. మన శ్వాసకు దీని వల్ల ఏ ముప్పూ లేదు, నిల్వ అంత పెద్దది. కానీ సముద్రమో, అగ్నిపర్వతమో కార్బన్ డయాక్సైడ్‌ను వదిలితే ఆక్సిజన్ ఇలా తగ్గదు. ఏదో ఒకటి మండితేనే తగ్గుతుంది.

ఆయనకు మరింత నచ్చే విషయం ఇది. ఆక్సిజన్ తరుగుదల, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పెరుగుదల సమానంగా లేవు. చెట్లు కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకున్నప్పుడు ఆక్సిజన్‌ను తిరిగి ఇస్తాయి. సముద్రం దాన్ని కరిగించుకున్నప్పుడు బదులుగా ఏమీ ఇవ్వదు. కాబట్టి ఎంత ఇంధనం మండిందో తెలిసి, ఈ రెండు కొలతలూ చేతిలో ఉంటే, మనం వదిలినదాంట్లో సముద్రం ఎంత తీసుకుందో, నేల మీది జీవరాశి ఎంత తీసుకుందో రెండు సమీకరణాలతో విడదీయవచ్చు. కాగితం, కలం తీసుకుని ఆయన స్వయంగా చేసి చూడగల లెక్క అది.