అప్‌డేట్: గోదావరి కాలువల నోట్సులో వెతికింది దొరకని సమస్య తీరింది

గోదావరి డెల్టా కాలువలు, లాకుల మీద అబ్సిడియన్‌ అనే నోట్సు యాప్‌లో రాసుకున్న 600 నోట్సులో కావలసింది దొరకడం లేదని ఇక్కడ అడిగాను. సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు.

చిక్కంతా పేర్లలోనే ఉంది. ధవళేశ్వరం, ధవళేశ్వరము, దవళేశ్వరం అని మూడు రకాలుగా రాశాను. ఊరికి ఒకే పేజీ ఉంచి, మిగతా రూపాలను అందులో ఎలియాస్‌లుగా (అదే పేజీకి మారుపేర్లుగా) చేర్చమన్న సలహా పనిచేసింది. ఆ పేరు ఉండి కూడా పేజీకి లింకు కాని ప్రస్తావనలను యాప్ జాబితాగా చూపిస్తుంది; అందులో పాత నోట్సన్నీ బయటపడ్డాయి. ఒక్కొక్కటిగా లింకు చేశాను. ఇప్పుడు ధవళేశ్వరం పేజీ తెరిస్తే, 1852 నాటి కాటన్ ఆనకట్ట నోట్సుతో సహా సంబంధించినవన్నీ బ్యాక్‌లింకుల్లో (ఆ పేజీకి లింకు ఉన్న నోట్సు జాబితాలో) కనిపిస్తున్నాయి. ఎంత హాయిగా ఉందో!

ఊరికో ఫోల్డరు చేయమన్న సలహా కూడా వచ్చింది కానీ, అది వృథా శ్రమ. గోదావరి పాయ వైనతేయ మీదుగా కాలువను దాటించే గన్నవరం అక్విడక్టును ఏ గట్టు ఊరి ఫోల్డరులో పెట్టాలి?