పాత 486 కంప్యూటర్‌లో పవర్ వైర్లు మార్చిన వాళ్లెవరైనా ఉన్నారా?

అటకమీది_486:
నాన్నగారు 1995లో కొన్న 486 డీఎక్స్2-66 అటక మీంచి దించాను. బోర్డు బతికే ఉంది, డాస్ కూడా వస్తోంది, కానీ సీడీ డ్రైవ్ తిరగడం మొదలుపెట్టగానే హార్డ్ డిస్క్ టక్కున ఆగి మళ్లీ మొదటి నుంచి తిరుగుతోంది. మీటర్ పెట్టి చూస్తే బోర్డు దగ్గర 5.02 వోల్టులు, డిస్క్‌కి కరెంటిచ్చే నాలుగు పిన్నుల ప్లగ్ (మోలెక్స్) దగ్గర 4.61. ఎరుపు వైరు దిగే చోట తెల్ల ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగింది. ఎస్‌ఎంపీఎస్ (కరెంటిచ్చే పెట్టె) తీసేసి కొత్త రకం ఏటీఎక్స్‌ది పెట్టాలా, వైర్లు మారిస్తే సరిపోతుందా? డిస్క్‌లో నాన్నగారి లోటస్ స్ప్రెడ్‌షీట్ లెక్కలన్నీ ఉన్నాయి, అందుకే టెన్షన్.

టంకం_బాబాయ్:
ఎస్‌ఎంపీఎస్ జోలికి వెళ్లకు తమ్ముడూ, బోర్డు దగ్గర 5.02 వస్తోందంటే అది బాగానే ఉంది. డిస్కూ సీడీ కలిసి ఒక ఆంపియర్ లాగుతున్నాయనుకో, 0.4 వోల్టు పోయిందంటే దారిలో 0.4 ఓం ఉన్నట్టు. 18 గేజి రాగి వైరు మీటరుకి 0.02 ఓమే, కాబట్టి తప్పు వైరుది కాదు, మోలెక్స్ లోపలి పిన్నుది. ఏళ్ల తరబడి పీకి పెట్టడంతో పిన్ను గొట్టం వదులవుతుంది, వదులైన చోట వేడెక్కుతుంది, వేడికి ఇంకా వదులవుతుంది. మెషీన్ ఆన్‌లో ఉండగానే ఒక ప్రోబ్ బోర్డు దగ్గర నల్ల వైరు మీద, రెండోది మోలెక్స్ నల్ల వైరు మీద పెట్టి చూడు, నేల (గ్రౌండ్) వైపు ఎంత పోతోందో తెలుస్తుంది. దాన్ని చాలామంది చూడరు. మధ్యలో ఒక ప్లగ్‌ని రెండుగా చీల్చే వై కేబుల్ ఉంటే ముందు అది తీసెయ్. కొత్త పిన్నులు క్రింపింగ్ టూల్‌తోనే నొక్కు, కటింగ్ ప్లేయర్‌తో నొక్కితే ఆరు నెలల్లో మళ్లీ ఇదే కథ.

పీ8_పీ9:
బాబాయ్ చెప్పిందే కరెక్ట్. ఏటీఎక్స్‌కి వెళ్లేవాళ్లకి మాత్రం ఒక మాట, రంగుల్ని నమ్మకండి. ఏటీలో, అంటే ఈ పాత రకంలో, నారింజ వైరు పవర్ గుడ్ (వోల్టేజీ సరిగ్గా ఉందని బోర్డుకి చెప్పే సిగ్నల్), ఏటీఎక్స్‌లో నారింజ అంటే 3.3 వోల్టులు, పవర్ గుడ్ అక్కడ బూడిద రంగు. నేను నారింజకి నారింజ కలిపేశాను. బోర్డు ఒకసారి లేస్తుంది, ఒకసారి లేవదు, రెండు వారాలు ర్యామ్ మారుస్తూ కూర్చున్నాను. బోర్డుకి కరెంటిచ్చే రెండు ప్లగ్గులు పీ8, పీ9 పెట్టేటప్పుడు నల్లవి నాలుగూ మధ్యలో ఒకచోటికి రావాలి, తారుమారైతే బోర్డు పోయినట్టే. ఇంకోటి, ఇప్పటి ఏటీఎక్స్‌లో -5 వోల్టులు రావు. కొన్ని పాత ఐసా (పాతకాలపు స్లాట్ రకం) సౌండ్ కార్డులకి అది కావాలి, -12 నుంచి 7905 రెగ్యులేటర్ చిప్‌తో తీసుకోవచ్చు.

మల్కాజిగిరి_మీటర్:
ఏటీ కేసులో ముందు స్విచ్‌కి వచ్చే నాలుగు వైర్లలో ఉండేది 230 వోల్టులు, ఇది ఎవరూ మర్చిపోవద్దు. రంగులు కంపెనీకో రకం, ఒక్కటి మారినా ఫేజూ న్యూట్రలూ షార్ట్ కావచ్చు. విప్పే ముందే ఫోటో తీసుకోండి, ప్లగ్ గోడలోంచి పీకెయ్యండి, కొసలకి స్లీవ్ తప్పకుండా వెయ్యండి. అమెరికా నుంచి తెచ్చిన పెట్టె అయితే వెనక ఎర్ర స్విచ్ 115 మీద ఉందేమో చూడండి. మా అన్నయ్య తెచ్చినదాన్ని అలాగే ప్లగ్‌లో పెట్టాం, పెద్ద కెపాసిటర్లు రెండూ పేలాయి.

అటకమీది_486:
కోఠి గుజరాతీ గల్లీలో పిన్నులు, కొత్త హౌసింగ్ దొరికాయి. పాత పిన్ను బయటికి తీస్తే గొట్టం లోపల నల్లగా మాడి ఉంది, డిస్క్ పిన్ను మీద వేస్తే పట్టు లేకుండా జారిపోతోంది. నల్ల వైరు వైపే 0.15 పోతోంది బాబాయ్, మీరన్నట్టే. వై కేబుల్ తీసేసి సీడీకి వేరే వైరు లాగాను. ఇప్పుడు రెండూ తిరుగుతుండగా డిస్క్ దగ్గర 4.96. లోటస్ ఫైళ్లన్నీ కాపీ అయ్యాయి, 1997 నాటి మా ఇంటి కట్టుబడి లెక్క కూడా ఉంది. రేపు సౌండ్ కార్డు పెట్టి, తెల్ల వైరు మీద -5 ఎంత వస్తోందో చూసి రాస్తాను.