మార్వెల్, విస్మయం: దూరపు చుట్టాలు

ప్రశ్న: ఇంగ్లీషు ‘మార్వెల్’ అసలు ఎక్కడి మాట? తెలుగులో అద్భుతం అనాలా, విస్మయం అనాలా? అనువాదంలో ఎప్పుడూ ఇక్కడే ఆగిపోతున్నాను.

జవాబు: సినిమాల పుణ్యమా అని ఇప్పుడు మార్వెల్ అనగానే ముసుగు వీరులే గుర్తొస్తున్నారు. ఆ పేరు 1939లో వచ్చిన బొమ్మల కథల పుస్తకానిది, సంస్థకు అదే పేరుగా స్థిరపడింది 1961లో. మాట మాత్రం చాలా పాతది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక అక్కడ దొరల భాష ఫ్రెంచి అయింది కదా, ఆ దారిన వచ్చిన ఫ్రెంచి మాట 1300 ప్రాంతానికి ఇంగ్లీషులో మార్వెల్‌గా కుదురుకుంది. దాని తల్లి లాటిన్ ‘మిరాబిలియా’, అంటే ఆశ్చర్యపోదగ్గవి. గమ్మత్తేమిటంటే అది బహువచనం. జనం నోళ్లలో నాని ఏకవచనమై కూర్చుంది. మనవాళ్లు షూస్‌ని ఏకవచనం చేసేసి ‘షూసులు’ అనడం లేదూ, అలాగన్నమాట.

మిరాబిలియాకు మూలం ‘మిరారి’ అనే క్రియ. ఆశ్చర్యంగా చూడటం అని అర్థం. మిరకిల్, అడ్మైర్ దీని పిల్లలే. మిర్రర్ కూడా! అద్దానికీ ఆశ్చర్యానికీ సంబంధమేమిటంటే, కాలక్రమంలో ఈ క్రియలోంచి ఆశ్చర్యం జారిపోయి చూడటం ఒక్కటే మిగిలింది. స్పానిష్‌లో ‘మిరార్’ అంటే ఇప్పుడు ఉత్తినే చూడటం.

ఇంకా వెనక్కి వెళ్తే మన గుమ్మంలోకే వస్తాం. మాట మొదట్లో మకార నకారాల ముందున్న సకారాన్ని లాటిన్ వదిలేస్తుంది. మంచుకు ఇంగ్లీషువాళ్లు ‘స్నో’ అంటే, అదే మూలం నుంచి వచ్చిన లాటిన్ మాట ‘నిక్స్’. మిరారికి ఆ పోయిన సకారం తిరిగి తగిలిస్తే సంస్కృతంలో ‘స్మి’ ధాతువు ఎదురవుతుంది. సంస్కృత ధాతువుల జాబితా అయిన ధాతుపాఠం దీనికి చెప్పే అర్థం ‘ఈషద్ధసనం’, కొంచెంగా నవ్వడం. స్మితం, మందస్మితం, స్మేరం, సుస్మిత అన్నీ ఇక్కడివే. ముందు ‘వి’ చేరితే విస్మయం. ఇంగ్లీషు స్మైల్ కూడా ఈ ఇంటి బిడ్డే. (అస్మిత మాత్రం కాదు. అది ‘అస్మి’, అంటే ఉన్నాను, నుంచి వచ్చింది. నవ్వు అనుకుని పాపకు ఆ పేరు పెడితే, అ-స్మిత అని విడగొట్టి నవ్వని పిల్ల అనే పండితుడు ఎక్కడో ఒకడు తగులుతాడు.)

మరొకరి ప్రశ్న: మరి విస్మరించడం? అందులోనూ ‘విస్మ’ ఉందిగా!

జవాబు: అది వేరే కుటుంబమండీ. స్మరణ, స్మృతి ఉన్న ‘స్మృ’ ధాతువు. విస్మితుడు ఆశ్చర్యపోయినవాడు, విస్మృతుడు జనం మరచిపోయినవాడు. అచ్చులో ఒక్క వట్రసుడి తేడా, ప్రూఫు చూసేవాళ్లకి టెన్షన్.

ఇక అనువాదం సంగతి. చుట్టరికం ఉంది కదా అని ప్రతిచోటా విస్మయం పెడితే కుదరదు. విస్మయం చూసేవాడి మనసులో కలిగేది. నాట్యశాస్త్రం కూడా అద్భుత రసానికి స్థాయిభావంగా, అంటే ఆ రసానికి మూలమైన మనోభావంగా, చెప్పింది విస్మయాన్నే. కాబట్టి మార్వెల్ క్రియగా వస్తే విస్మయపడటం సరిపోతుంది. ఎదురుగా ఉన్న వస్తువును మార్వెల్ అంటే అద్భుతం అనడమే మేలు.

వింత అనొచ్చు గానీ చూసుకుని వాడాలి. ప్రపంచపు ఏడు వింతలు అనడం స్థిరపడిపోయింది, దానితో పేచీ లేదు. ‘కొత్తొక వింత, పాతొక రోత’లోనూ వింతది మంచి పక్షమే. కానీ ‘ఆయన వాలకం వింతగా ఉంది’ అంటే ఎవరూ మెప్పుగా తీసుకోరు. నాగార్జునసాగర్‌ను ఇంజినీరింగ్ అద్భుతం అంటే కట్టినవాళ్లను పొగిడినట్టు. ఇంజినీరింగ్ వింత అంటే, ఎక్కడో ఏదో తేడా కొట్టిందేమోనని వినేవాడికి అనుమానం వస్తుంది.